రంగు నీళ్ళు, కోర్టు తీర్పులు: నేతవాళ్ళం తెలుసుకోవాల్సిన చరిత్ర



ఇట్లాంటి సంచికల్లో మన కులం పుట్టుక, మగ్గం గొప్పతనం, సంఘాల లెక్కలు రాస్తారు. అవన్నీ కావాల్సినవే. ఈసారి నేను నీళ్ళ గురించి, ఆ నీళ్ళ కోసం జనం కోర్టులకు పోయిన చరిత్ర గురించి రాస్తా వుండాను. నేతవానికి నీళ్ళతో ఏం పని అని ఎవరూ అడగరనుకుంటాను. నూలు ఉడకబెట్టేది నీళ్ళలో, గంజి కలిపేది నీళ్ళలో, రంగు అద్దేది నీళ్ళలో. ఉప్పు నీళ్ళలో, చౌడు నీళ్ళలో అద్దితే రంగు సమంగా పట్టదు, పడుగు ఒక తావు ముదురు, ఒక తావు లేత. మంచి నీళ్ళు లేకుంటే మన పనే లేదు. అదే మాదిరి, అద్దకం అయినాక మన తొట్టి నుంచి బయటికి పోయే నీళ్ళు కూడా వుండాయి. అవి ఎక్కడికి పోతాయి అన్నదే ఈ చరిత్ర అంతా.

మనవాళ్ళకు కోర్టు కొత్త కాదు. 1985లో కొన్ని రకాల బట్టలు చేనేతకు మాత్రమే కేటాయిస్తూ కేంద్రం చట్టం చేసింది. మొదట 22 రకాలు. పవర్‌లూమ్ వాళ్ళు ఒప్పుకోలేదు, సుప్రీం కోర్టుకు పోయినారు. 1993లో సుప్రీం కోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. మనవాళ్ళు సంతోషపడినారు. ఆ తర్వాత ఆ 22 రకాలు 11 అయినాయి. పవర్‌లూమ్ చీరకు చేనేత పేరు పెట్టి అమ్మేది ఈనాటికీ ఆగలేదు. తీర్పు గెలిచేది ఒక పని, గెలిచిన తీర్పును కాపాడుకునేది ఇంకొక పని. నీళ్ళ కేసులన్నిటిలోనూ ఇదే కథ నడిచింది.

ముందు చట్టం ఎట్ల వచ్చిందో చూద్దాం. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. దాని వల్లనే కాలుష్య నియంత్రణ బోర్డులు పుట్టినాయి. 1976లో రాజ్యాంగానికి 42వ సవరణ చేసి, పర్యావరణాన్ని కాపాడేది ప్రభుత్వం పని అని 48ఎ లో, ప్రతి పౌరుని బాధ్యత అని 51ఎ లో రాసినారు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వచ్చి వేలమంది చచ్చిపోయినాక, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేసినారు. 1991లో సుప్రీం కోర్టు ఒక కేసులో, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో శుభ్రమైన నీళ్ళు, గాలి కూడా చేరినట్లే అనింది. అంటే చెడిపోయిన నీళ్ళు తాగే మనిషి ఎవరి దయ కోసమో చూడనక్కరలేదు, హక్కుగా అడగొచ్చు. నష్టపోయినవాళ్ళే కాదు, వాళ్ళ తరపున ఇంకొకరు కూడా ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేయొచ్చు అనే పద్ధతి అప్పటికే నిలబడింది.

ఇప్పుడు మన రంగుకు సంబంధించిన మొదటి పెద్ద కేసు చెప్తాను. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్రీ అనే ఊరు. ఆడ 1980ల చివర కొన్ని రసాయన కార్ఖానాలు హెచ్ ఆసిడ్ అనే సరుకు తయారు చేసినాయి. హెచ్ ఆసిడ్ అంటే ఏమో కాదు, నూలుకు వేసే చాలా రంగుల తయారీకి అది మూల సరుకు. చేసింది దాదాపు 375 టన్నులు. దాని వల్ల మిగిలిన విషపు బురద దాదాపు 2,400 టన్నులు. దాన్ని ఆడనే నేల మీద పోసినారు. వానలకు అది నేలలోకి దిగింది. అరవై దాకా బావులు చెడిపోయినాయి. నీళ్ళ రంగు మారిపోయింది, పశువులకు కూడా పనికి రాకుండా పోయినాయి. జనం తిరగబడినారు. 1989లో కేసు సుప్రీం కోర్టుకు పోయింది.

1996 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జీలలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు. చెడగొట్టినవాడే దాన్ని బాగు చేసే ఖర్చు పెట్టుకోవాల అన్న సూత్రాన్ని మన దేశంలో గట్టిగా నిలబెట్టిన తీర్పు అదే. తెలిసి చేసినా, తెలియక చేసినా, ప్రమాదకరమైన పని చేసి నష్టం కలిగిస్తే బాధ్యత వాళ్ళదే అని చెప్పినారు.

తీర్పు అయితే వచ్చింది. డబ్బు వచ్చిందా? రాలేదు. కార్ఖానా వాళ్ళు ఒక అర్జీ మీద ఇంకొక అర్జీ వేస్తా పోయినారు. 2011 జులైలో సుప్రీం కోర్టు కోపం చేసుకుని, 37 కోట్ల 38 లక్షల చిల్లర రూపాయలు 12 శాతం చక్రవడ్డీతో కట్టాలని, కోర్టు ఖర్చుల కింద ఇంకో 10 లక్షలు కట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. తీర్పు వచ్చి అప్పటికి పదిహేను ఏండ్లు. ఊరివాళ్ళ కష్టం మొదలై ఇరవై ఏండ్లు దాటింది.

రెండో కథ మన పక్క జిల్లాది. పాలారు. పాలారు పుట్టేది కర్ణాటకలో నందికొండ తట్టు. కోలారు దాటి, కుప్పం తట్టు ఆంధ్రలో కొంచెం దూరం పారి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు మీదుగా పోతుంది. ఆ తట్టు గుడియాత్తం లుంగీలు నేసే మన నేతవాళ్ళు తరతరాలుగా వుండారు. ఆ నది గట్టునే తోళ్ళు పదును చేసే కార్ఖానాలు. ఒక కిలో తోలు పదును చేయడానికి 35 లీటర్ల దాకా నీళ్ళు కావాల, నూరు రకాలకు పైగా రసాయనాలు వాడతారు అని కోర్టు ముందర పెట్టినారు. ఆ బెల్టులో దాదాపు 35 వేల హెక్టార్ల భూమి కొంతగానో పూర్తిగానో సాగుకు పనికి రాకుండా పోయిందని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ సర్వే చెప్పింది.

వేలూరు పౌరుల సంక్షేమ వేదిక 1991లో సుప్రీం కోర్టుకు పోయింది. వాళ్ళ తరపున వాదించింది గంగానది కేసులలో పేరు తెచ్చుకున్న ఎం.సి. మెహతా గారు. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ గారి బెంచి తీర్పు ఇచ్చింది. ఒక్కొక్క తోలు కార్ఖానాకు 10 వేల రూపాయల జరిమానా. నష్టం లెక్కగట్టి పరిహారం తేల్చడానికి హైకోర్టు రిటైర్డ్ జడ్జి అధ్యక్షతన ఒక అధికార సంస్థను పెట్టాలని కేంద్రానికి ఆజ్ఞ. ఇట్లాంటి కేసులు చూడడానికి మద్రాసు హైకోర్టులో గ్రీన్ బెంచి ఉండాలని కూడా చెప్పినారు. తోలు ఎగుమతి వల్ల దేశానికి డబ్బు వస్తుంది నిజమే, దాని కోసం నీళ్ళు, నేల, జనం ఆరోగ్యం చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు అన్నది ఆ తీర్పు సారం.

ఇంకొక సూత్రం కూడా ఆ తీర్పులో ఉంది. చెడు జరిగినాక కాదు, జరుగుతుందని అనుమానం ఉన్నప్పుడే జాగ్రత్త పడాల. నా పని వల్ల హాని లేదు అని రుజువు చేసుకునే భారం కార్ఖానా పెట్టేవాని మీదనే. 1999లో హైదరాబాదు వాళ్ళు తాగే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కేసులో జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు ఈ మాటనే ఇంకా వివరంగా చెప్పినారు. బావి దగ్గర నిలబడిన ముసలమ్మ, రసాయన శాస్త్రం చదివి, నా బావి వీళ్ళ వల్లనే చెడింది అని రుజువు చేయనక్కరలేదు. ఇది పేదవాళ్ళకు చాలా పెద్ద ఆసరా.

సరే, పాలారులో తీర్పు తర్వాత ఏమయింది? ఆ అధికార సంస్థ 2001 మార్చిలో దాదాపు 29 వేల మంది బాధితులకు 26 కోట్లకు పైగా పరిహారం లెక్కగట్టింది. ఒక్కొక్కరికి సగటున పంచితే పది వేలు కూడా లేదు. కొందరికి అందింది, చాలామందికి అందలేదు. మురుగు పారేది నిలవలేదు. కేసు మళ్ళీ మళ్ళీ కోర్టు మెట్లెక్కింది. 2025 జనవరి 30న సుప్రీం కోర్టు ఇంకొకసారి తీర్పు ఇచ్చి, మిగిలిన పరిహారం ముందు ప్రభుత్వం కట్టాల, తర్వాత దాన్ని చెడగొట్టినవాళ్ళ దగ్గర వసూలు చేసుకోవాల, రిటైర్డ్ హైకోర్టు జడ్జి కింద కమిటీ వేసి నదిని బాగు చేసే పని చూడాల అని చెప్పింది. 1991లో కేసు వేసినప్పుడు పుట్టిన బిడ్డకు అప్పటికి 34 ఏండ్లు.

మూడో కథ మనకు ఇంకా దగ్గర. దూరంలో కాదు, పనిలో దగ్గర. అది తిరుప్పూరు, నొయ్యల్ నది. ఆడ బనియన్లు, అల్లిక బట్టలు విదేశాలకు పోతాయి. 1980ల తర్వాత అద్దకం, బ్లీచింగ్ కార్ఖానాలు వందల్లో పెరిగినాయి. మనలో అద్దకం తెలిసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు: రియాక్టివ్ రంగు నూలుకు పట్టాలంటే తొట్టిలో ఉప్పు బాగా వేయాల. రంగు నూలులోకి పోతుంది, ఉప్పు మాత్రం నీళ్ళలోనే మిగులుతుంది. మామూలుగా సున్నం వేసి, గాలి పట్టించి శుద్ధి చేస్తే రంగు కొంచెం పోతుంది, ఉప్పు పోదు. ఆ ఉప్పు నీళ్ళు నొయ్యల్‌లో కలిసినాయి.

నొయ్యల్ మీద 1992లో ఒరత్తుపాళయం డ్యాం కట్టినారు, దిగువ రైతుల 20 వేల ఎకరాల కోసం. ఆ డ్యాంలో నిలిచింది రంగు నీళ్ళు. డ్యాం కావాలని అడగాల్సిన రైతులే, నీళ్ళు నిలబెట్టవద్దు, ఖాళీ చేయండి అని కోర్టుకు పోయే గతి వచ్చింది. నేను చదివిన కేసులన్నిటిలో ఇంతకంటే బాధ పెట్టిన సంగతి ఇంకొకటి లేదు. వేలూరు తీర్పు వల్ల పుట్టిన ఆ అధికార సంస్థే 2004లో నొయ్యల్ రైతులు 28 వేల మందికి పైగా, దాదాపు 25 కోట్ల పరిహారం తేల్చింది.

నొయ్యల్ ఆయకట్టు రైతుల సంఘం వేసిన కేసులో మద్రాసు హైకోర్టు 2006 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఒక్క చుక్క మురుగు కూడా బయటికి విడవకూడదు, అంతా శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవాల. అట్ల చేసేదాకా విడిచే ప్రతి లీటరుకు ఇంత అని పైసల లెక్కన, నెలలు గడిచేకొద్దీ పెంచుతూ జరిమానా. అద్దకం యజమానులు సుప్రీం కోర్టుకు పోయినారు. 2009 అక్టోబరులో సుప్రీం కోర్టు కూడా రైతుల పక్షమే నిలబడి, కొంచెం గడువు ఇచ్చింది. గడువు అయిపోయింది, మురుగు ఆగలేదు. 2011 జనవరి 28న హైకోర్టు తిరుప్పూరులోని ఏడు వందలకు పైగా అద్దకం కార్ఖానాలను, ఉమ్మడి శుద్ధి కేంద్రాలను మూసేయమని, కరెంటు కోసేయమని ఉత్తర్వు ఇచ్చింది.

ఒక్క ఉత్తర్వుతో ఊరు ఊరంతా ఆగిపోయింది. అద్దకం కూలీలు పని పోయి సొంత ఊర్లకు తిరిగిపోయినారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం శుద్ధి కేంద్రాలకు వడ్డీ లేని అప్పు 200 కోట్లు ఇచ్చింది. నీళ్ళను సన్నటి జల్లెడ లాంటి పొరల గుండా తోసి శుద్ధి చేసి, మిగిలిన చిక్కటి ఉప్పు నీళ్ళను ఆవిరి చేసి, ఆ ఉప్పును మళ్ళీ అద్దకానికే వాడే పద్ధతి వచ్చింది. అది పెట్టుకున్న కార్ఖానాలు ఒక్కొక్కటిగా తెరిచినాయి. పెట్టుకోలేని చిన్నవాళ్ళు కొందరు మూసుకున్నారు. కొందరు కావేరి తట్టు పోయి దొంగచాటుగా తొట్లు పెట్టినారు, అధికారులు పోయి వాటిని పడగొట్టినారు.

ఆ కేసు పేరు చూడండి. ఒక తట్టు అద్దకం యజమానుల సంఘం, ఇంకో తట్టు ఆయకట్టు రైతుల సంఘం. కూలీల పేరు ఆడ లేదు, నేతవాళ్ళ పేరు లేదు. అద్దకం ఆగితే మగ్గం ఆగుతుంది, రంగు నూలు ధర పెరిగితే మన కూలీ తగ్గుతుంది. నీళ్ళు చెడిపోతే మన బావి కూడా చెడిపోతుంది. మనం రెండు తట్లా వుండాము, ఏ తట్టూ మాట్లాడలేదు. తీర్పు తప్పని నేను అనను. రైతుల బాధ నిజం, తీర్పు న్యాయం. మనం మన మాట చెప్పుకోకుంటే మన కోసం ఇంకొకరు చెప్పరు అన్నదే నేను చెప్పేది.

ఇక మన సొంత నది. దక్షిణ పినాకిని, తమిళంలో తెన్‌పెణ్ణై. ఇది కూడా నందికొండ తట్టే పుట్టి, హొసకోట మీదుగా మన హోసూరు తట్టు తమిళనాడులోకి వస్తుంది. కెలవరపల్లి డ్యాం, ఆ తర్వాత కామరాజర్ కాలంలో కట్టిన కృష్ణగిరి డ్యాం, ఆపైన సాత్తనూరు, కడలూరు, సముద్రం. బెంగళూరు తూర్పు తట్టు మురుగు బెళ్ళందూరు చెరువులోకి, ఆడి నుంచి వర్తూరు చెరువులోకి, ఆడి నుంచి ఈ నదిలోకి దిగుతుంది. వానలు పడి కెలవరపల్లి గేట్లు తెరిచినప్పుడు తెల్లటి నురగ గుట్టలుగా లేచేది మన జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు.

2017 ఫిబ్రవరిలో బెళ్ళందూరు చెరువులో మంట లేచింది. నీళ్ళకు నిప్పు అంటుకోవడం చూసి దేశమంతా ఆశ్చర్యపడింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎవరూ అర్జీ పెట్టకుండానే తానే కేసు తీసుకునింది. 2018 జనవరిలో మళ్ళీ మంట, సైనికులు వచ్చి ఆర్పినారు. 2018 డిసెంబరులో ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు, బెంగళూరు నగరపాలికకు 25 కోట్లు కట్టమని చెప్పింది. చెరువు బాగు చేసే పనులకు 500 కోట్లు వేరే ఖాతాలో పెట్టమనింది. సుప్రీం కోర్టు రిటైర్డ్ జడ్జి సంతోష్ హెగ్డే గారి అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ తర్వాతి వానాకాలాల్లో కూడా కెలవరపల్లిలో నురగ లేచింది. తీర్పు చెరువు దాకా వచ్చింది, నది దిగువ దాకా ఇంకా రావాల.

ఈ నాలుగు కథలూ చదివినాక నాకు తోచింది ఇది. బిచ్రీలో, పాలారులో, నొయ్యల్‌లో జనం గెలిచింది వాళ్ళ దగ్గర డబ్బు ఉండి కాదు. సంఘంగా నిలబడినారు, బావి నీళ్ళ పరీక్ష కాగితాలు, సర్వేలు, తేదీలు, లెక్కలు దగ్గర పెట్టుకున్నారు. గెలిచినాక కూడా ఇంటికి పోయి పండుకోలేదు, ఇరవై ముప్పై ఏండ్లు వెంటబడినారు. కోర్టు తలుపు తెరుస్తుంది, లోపలికి నడిచేది మనమే.

అందుకే మన సమాఖ్య ముందర నాలుగు మాటలు పెడతాను.

మొదటిది, ప్రతి సంఘం తన ఊరి బావి, బోరు నీళ్ళు ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించి ఆ కాగితాలు దాచిపెట్టాల. ఈ పొద్దు విలువ లేనట్లు కనిపించే కాగితం పదేండ్లకు సాక్ష్యం అవుతుంది.

రెండోది, హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలోనే ఉంది. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ, కేరళ అన్నీ దాని కిందికే వస్తాయి. నది రెండు రాష్ట్రాలది అయినా మనం ఆడికి పోవచ్చు. మామూలు అర్జీకి ఫీజు 1,000 రూపాయలు, పరిహారం అడిగితే అడిగిన మొత్తానికి నూటికి ఒక రూపాయి. వివాదం మొదలైన ఆరు నెలల్లో అర్జీ పెట్టాల, పరిహారానికి అయిదేండ్ల గడువు ఉంది. చాలామంది ఈ గడువు తెలియక హక్కు పోగొట్టుకుంటారు.

మూడోది, మన అద్దకం తొట్ల సంగతి. పక్కవాని మురుగు మీద కేసు వేసేవాడు తన తొట్టి నీళ్ళు వీధి కాలువలోకి విడిస్తే కోర్టులో తల ఎత్తుకోలేడు. కానీ ఇంటి వెనక రెండు తొట్లు పెట్టుకున్నవాడు లక్షల యంత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? సంఘాలన్నీ కలిసి ఒక ఉమ్మడి అద్దకం ఇల్లు, దానికి శుద్ధి యంత్రం కావాలని చేనేత శాఖను అడగాల. తిరుప్పూరులో మూసినాక అప్పు ఇచ్చినారు. మనకు మూయకముందే ఇవ్వమని అడుగుదాం. జాగ్రత్త ముందే పడాల అని చెప్పింది సుప్రీం కోర్టే కదా.

నాలుగోది, మన పిల్లల్లో లా చదివేవాళ్ళు ఇప్పుడు వుండారు. మగ్గం వదిలిపెట్టి పోయినారని వాళ్ళ మీద అలగవద్దు. ఈసారి నీళ్ళ గురించి కేసు నడిచినప్పుడు నేతవాళ్ళ పేరు కూడా ఆ కాగితాల్లో ఉండేటట్లు చేసేది వాళ్ళే.

పడుగు ఎంత గట్టిదైనా పేక వేసేవాడు లేకుంటే బట్ట కాదు. తీర్పులనే పడుగు మన పెద్ద కోర్టులు ఇప్పటికే సాచిపెట్టినాయి. పేక వేసే పని మన సంఘాలది. వచ్చే మహాసభలో ఈ ఉమ్మడి అద్దకం ఇంటి సంగతి తీర్మానంగా పెట్టాలని సమాఖ్య పెద్దలను కోరుకుంటా, అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు చెప్పుకుంటా వుండాను.

ఇట్లు,
కార్యదర్శి, చేనేత సహకార సంఘం, హోసూరు